కిటికీ గట్టు మీది జాడీ

మా అత్తగారి వంటింట్లో ఒకటే గుడ్డ.
బల్ల తుడిచేది అదే, కత్తి తుడిచేది అదే,
కలీనా మూతికంటిన మీగడ తుడిచేదీ అదే.
మొదటి గంటలో పదకొండు సార్లు.
గ్దీన్యాలో ఆపరేషన్ థియేటర్ నర్సుని నేను,
కుట్లు వేసేముందు గుడ్డలు లెక్కపెట్టడానికే
నాకు జీతమిస్తారు.

సువావ్కి దాటి ఇంకో నలభై కిలోమీటర్లు
దారంతా త్సెజారిది ఒకటే పాట:
"ఈస్టర్ నాలుగు రోజులే కదా,
చూసీ చూడనట్టు ఉండు."
ఆ విద్య వాళ్లింట్లో మగపిల్లలకి
ఉగ్గుపాలతో వస్తుంది.

మామగారు కొట్టంలోంచి బూట్లతోనే వచ్చి
పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటారు.
రాలిన మట్టిలో కలీనా వేలితో గుర్రాన్ని గీసింది.
తోక గీసేలోపు ఎత్తుకుని పంపు దగ్గరికి పరిగెత్తాను.
"మట్టి అంటుకుంటే చచ్చేదైతే
నీ మొగుడు నీదాకా మిగిలేవాడా?"
అన్నారావిడ, గుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ.

నా సంచిలో స్ప్రే సీసా చూశారు.
"ఆసుపత్రి వాసన. ఎవరైనా పోతున్నారా?"
నేనూ ఊరుకోలేదు, ఏదో అన్నాను.
అప్పుడు బయటపడింది
ఆరేళ్లుగా ఆవిడ కడుపులో దాచుకున్నది:
"మీ ఫ్లాటులో పాయిఖానా గోడకే
పళ్ల బ్రష్షులు వేలాడతాయి.
పిల్లి అన్నం బల్ల మీద పడుకుంటుంది.
నేనేమైనా అన్నానా?"

అన్లేదు. నిజమే.
మా ఇంటికొచ్చినప్పుడల్లా
ఆవిడ ఎందుకు నిలబడే తింటారో
ఆ పూట తెలిసింది.

గురువారం రాత్రి అందరూ పడుకున్నాక
ఫ్రిజ్ వెలుగులో మొదలుపెట్టాను.
అరలు, అంచులు, తలుపు రబ్బరు మడతలు.
చివరికి కిటికీ గట్టు మీద
మూతకి బదులు చేతిరుమాలు కట్టిన జాడీ.
బూడిదరంగు నీళ్లు, మీద నురగ,
అడుగున వెల్లుల్లి రెబ్బలు,
తడిసిన గొంగళి వాసన.
తూములో పోశాను.
మూడుసార్లు మరిగే నీళ్లతో కడిగి బోర్లించి
ఆ మెరుపు చూసి కాస్త గర్వపడ్డాను కూడా.

పొద్దున్నే జాడీని వెలుతురుకెత్తి చూశారు.
"ఎంత తళతళలాడుతోందో," అన్నారు.
అంతే.
త్సెజారి నా చెవిలో గొణిగాడు:
"అది జూరెక్ తోడు.
ఆదివారం ఇరవై మంది వస్తారు ఆ చారు కోసం.
నేను పుట్టకముందు నుంచీ
ఒక్కరోజు ఆరలేదది."

మురికి అనుకున్నాను.
తోడు.

కేకలేస్తే బాగుండేది.
ఆవిడ శాలువా కప్పుకుని
వానలో పెలాగియా ఇంటికి నడిచారు.
ఎప్పుడో పెళ్లికొత్తలో పెలాగియాకి
ఈ ఇంటి నుంచే ఒక గిన్నెడు వెళ్లిందట.
శాలువా కింద సాసర్ మూసిన కప్పుతో తిరిగొచ్చి
రై పిండి నా ముందుకు తోసి
"కలుపు," అన్నారు.

చేతి తొడుగు కోసం వెతికాను.
"వట్టి చేత్తో. కడుక్కున్నావా?"
"కడుక్కున్నాను."
"సబ్బుతోనా?"
"సబ్బుతోనే."
"అయితే మళ్లీ కడుక్కో, వట్టి నీళ్లతో.
సబ్బు తగిలితే ఇది అలుగుతుంది."
నా వేళ్లు వాసన చూసి
రెండోసారీ వెనక్కి పంపారు.
అంత నిక్కచ్చి సర్జన్ మా థియేటర్లో లేడు.

ఆదివారానికి పులిసింది.
ఒక చెంచా నాలుక మీద వేసుకుని
"కుర్రది. ఇంకా పొగరు రాలేదు," అన్నారు,
చారు గురించేనేమో.
నేను రెండు గిన్నెలు తాగాను.

ఆ గుడ్డని మాత్రం క్షమించలేకపోయాను.
సోమవారం కారు బయల్దేరబోతుండగా
చటుక్కున వెనక్కెళ్లి పొయ్యిలో వేశాను.
అది మండుతూ ఏడ్చినట్టు పొగ కక్కింది.
తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు,
చూసీ చూడనట్టు,
మామగారి పాత చొక్కా ఒకటి చేతుల్లో తిప్పుతూ
చింపడానికి అంచు వెతుకుతున్నారు.